వీడియో ఎడిటింగ్ వేగం పెరగాలంటే కంప్యూటర్‌లో ఏ భాగాలు మార్చాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి, చిత్తూరు, శ్రీకాళహస్తి, పుత్తూరు, పలమనేరు వైపు పెళ్లి వీడియోల మిక్సింగ్ చేసే స్టూడియోల వారు, యూట్యూబ్ ఛానళ్లు నడిపేవారు, ఎడిటింగ్ నేర్చుకుంటున్న విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఉన్నాయి. విడిభాగాల ధరలు తరచూ మారుతుంటాయి కాబట్టి రూపాయల లెక్కలు ఇవ్వలేదు. ఏ భాగం ఏ పని చేస్తుందో, అది మీ పనికి అవసరమో కాదో తేల్చుకోవడానికి కావలసిన వివరాలు మాత్రం పూర్తిగా ఇచ్చాము.

సిస్టమ్ బాగా స్లో అయింది. ముందుగా ఏది మార్చమంటారు?

ఏదీ మార్చకముందు, మీరు ఏ పని దగ్గర ఎదురుచూడవలసి వస్తోందో గమనించండి. టైమ్‌లైన్‌లో ప్లే చేసినప్పుడు వీడియో ఆగి ఆగి నడవడం ఒక సమస్య. టైమ్‌లైన్ సాఫీగా నడిచినా రంగులు సరిదిద్దినప్పుడు, నాయిస్ తగ్గించే ఎఫెక్ట్ వేసినప్పుడు మొరాయించడం వేరొక సమస్య. ప్రాజెక్టు తెరుచుకోవడానికి, కార్డులోని ఫుటేజీ కాపీ కావడానికి గంటలు పట్టడం మరొకటి. మొదటిదానికి కారణం ఎక్కువగా కుదించి ఉన్న వీడియోను విప్పే (డీకోడ్ చేసే) శక్తి చాలకపోవడం, రెండోదానికి గ్రాఫిక్స్ కార్డు, మూడోదానికి డిస్కులు, కార్డ్ రీడర్లు. ఈ మూడింటినీ కలిపి "స్లో" అని ఒకే మాటతో దుకాణంలో చెబితే, వారు తమ దగ్గర ఉన్న పెద్ద గ్రాఫిక్స్ కార్డునే సూచిస్తారు. అందులో వారి తప్పేమీ లేదు, వారికి అందిన వివరం అంతే. అయితే ఫుటేజీ విప్పడం దగ్గర ఆగిపోతున్న సిస్టమ్‌కు ఆ కార్డు వల్ల ఒరిగేది స్వల్పం.

ఎక్కడ ఆగుతోందో ఖచ్చితంగా తెలుసుకునే మార్గం ఉందా?

ఉంది, దానికి ఖర్చు కూడా లేదు. విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్ భాగాన్ని ఒక పక్కన పెట్టుకుని, మీకు ఇబ్బంది కలిగిస్తున్న టైమ్‌లైన్‌నే రెండు మూడు నిమిషాలు ప్లే చేయండి. ప్రాసెసర్ వాడకం నూరు శాతానికి చేరువలో ఉండి, గ్రాఫిక్స్ విభాగంలోని వీడియో డీకోడ్ గ్రాఫ్ సున్నా దగ్గరే ఉంటే, ఫుటేజీని విప్పే పనంతా ప్రాసెసర్ మీదే పడుతోందని అర్థం. మెమరీ తొంభై శాతం దాటి, అదే సమయంలో సి డ్రైవ్ వాడకం కూడా ఎక్కువగా కనిపిస్తే ర్యామ్ చాలడం లేదు. ఫుటేజీ ఉన్న డిస్కు వాడకం నూరు శాతంలో ఉండి మిగతావన్నీ ఖాళీగా ఉంటే ఆ డిస్కే అడ్డం. గ్రాఫిక్స్ కార్డు తనకున్న మెమరీని పూర్తిగా నింపుకుని ఉంటే, ప్రాజెక్టుకు ఆ కార్డు సరిపోవడం లేదు.

ఈ పరీక్షను ఖాళీ ప్రాజెక్టుతో కాక, మీరు నిజంగా చేస్తున్న పనితోనే చేయాలి. మూడు కెమెరాల ముహూర్తం ఘట్టాన్ని, లేదా ఎఫెక్టులు ఎక్కువగా వేసిన టీజర్‌ను తీసుకోండి.

నాది ఐ7 ప్రాసెసర్. అయినా కొత్త కెమెరా ఫుటేజీ ఆగి ఆగి ఎందుకు నడుస్తోంది?

ఈ పేజీలో అన్నిటికంటే శ్రద్ధగా చదవవలసిన సమాధానం ఇదేనని మా అభిప్రాయం, ఎందుకంటే ఇక్కడి స్టూడియోలలో కనిపించే ఇబ్బందికి మూలం చాలాసార్లు ఇక్కడే ఉంటుంది.

కెమెరాలు, ఫోన్లు వీడియోను బాగా కుదించి దాస్తాయి. 2003లో వచ్చిన హెచ్.264, 2013లో వచ్చిన హెచ్.265 ప్రధానంగా వాడుకలో ఉన్న కుదింపు పద్ధతులు. ఎక్కువ కెమెరాలు ఈ పద్ధతుల్లో ప్రతి ఫ్రేమును పూర్తిగా దాయవు. అప్పుడప్పుడు ఒక పూర్తి ఫ్రేమును ఉంచి, మధ్యలోని వాటికి ముందు వెనుకల ఫ్రేములతో ఉన్న తేడాను మాత్రమే రాసుకుంటాయి. వరుసగా చూసేటప్పుడు దీనితో ఇబ్బంది లేదు. కానీ ఎడిటింగ్‌లో మీరు కర్సర్‌ను తాళి కట్టే క్షణం మీద పెట్టగానే, సాఫ్ట్‌వేర్ ఆ ఒక్క ఫ్రేమును చూపడం కోసం దాని చుట్టూ ఉన్న ఎన్నో ఫ్రేములను విప్పవలసి వస్తుంది. వెనక్కి నడిపితే ఆ శ్రమ ఇంకా పెరుగుతుంది. హెచ్.265లో ఫైలు చిన్నదవుతుంది, విప్పే పని మాత్రం బరువెక్కుతుంది.

ఈ పని కోసమే ప్రాసెసర్లలోని అంతర్గత గ్రాఫిక్స్‌లోనూ, విడి గ్రాఫిక్స్ కార్డుల్లోనూ ప్రత్యేకమైన డీకోడర్లు ఉంటాయి. అవి అన్ని రకాల ఫుటేజీని విప్పలేవు. 8 బిట్, 4:2:0 రకం ఫుటేజీని దాదాపు అన్నీ విప్పుతాయి. రంగుల సమాచారం ఎక్కువగా ఉండే 10 బిట్, 4:2:2 రకం దగ్గరే చిక్కు వస్తుంది. గత కొన్నేళ్లుగా పెళ్లి షూటింగ్‌కు కొంటున్న మిర్రర్‌లెస్ కెమెరాలు చాలావరకు ఈ రకాన్ని కూడా రికార్డు చేస్తాయి. డెస్క్‌టాప్‌లలో ఇంటెల్ 11వ తరం నుంచి అంతర్గత గ్రాఫిక్స్ హెచ్.265లోని 10 బిట్ 4:2:2ను విప్పగలదు. ఇంటెల్ ఆర్క్ కార్డులూ విప్పగలవు. ఎన్విడియా కార్డుల్లో 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 శ్రేణి నుంచే 4:2:2కు ఈ సదుపాయం వచ్చింది. అంటే మంచి పేరున్న ఆర్‌టీఎక్స్ 3060 గానీ 4060 గానీ ఉన్నా, ఈ ఫుటేజీని అవి స్వయంగా విప్పవు, భారమంతా ప్రాసెసర్ మీదికే వస్తుంది. హెచ్.264లోనే 10 బిట్ 4:2:2 తీస్తే, 11 నుంచి 14వ తరం వరకు ఉన్న ఇంటెల్ అంతర్గత గ్రాఫిక్స్ కూడా దాన్ని విప్పలేదు. అదే కెమెరాలో హెచ్.265ను ఎంచుకుంటే విప్పుతుంది.

కనుక ఏదైనా కొనే ముందు మీడియాఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మీ ఫుటేజీని తెరిచి, ఫార్మాట్, క్రోమా సబ్‌శాంప్లింగ్, బిట్ డెప్త్ అనే మూడు వరుసలను రాసుకోండి. దుకాణానికి తీసుకువెళ్లవలసిన మొదటి కాగితం అదే.

నా ప్రాసెసర్‌లో ఆ సదుపాయం ఉన్నా వీడియో డీకోడ్ గ్రాఫ్ కదలడం లేదు. ఎందుకు?

మూడు కారణాలు ఉండవచ్చు. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ అనే అక్షరం ఉంటే, అంటే 12400ఎఫ్, 13400ఎఫ్ వంటివైతే, అందులో అంతర్గత గ్రాఫిక్స్ పనిచేయదు. గేమింగ్ కోసం అమర్చిన సిస్టమ్‌లలో ఈ రకమే ఎక్కువగా వాడతారు, ఎడిటింగ్‌కు మాత్రం కొంచెం ఎక్కువ పెట్టి ఎఫ్ లేని రకం తీసుకోవడం మేలు. రెండోది, విడి కార్డు పెట్టగానే కొన్ని మదర్‌బోర్డులు అంతర్గత గ్రాఫిక్స్‌ను ఆపివేస్తాయి. బయోస్‌లోకి (మదర్‌బోర్డు సెట్టింగులు ఉండే చోటికి) వెళ్లి మల్టీ మానిటర్ అనే పేరుతో ఉండే ఎంపికను ఆన్ చేసి, తర్వాత విండోస్‌లో ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్ వేసుకోవాలి. మూడోది, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోనే హార్డ్‌వేర్ డీకోడింగ్ ఆఫ్‌లో ఉండవచ్చు. ప్రీమియర్ ప్రోలోనైతే ప్రిఫరెన్సెస్‌లోని మీడియా భాగంలో ఈ ఎంపిక ఉంటుంది. మన వైపు పెళ్లి పనులకు బాగా వాడే ఎడియస్ కూడా ఇంటెల్ క్విక్ సింక్ (అంతర్గత గ్రాఫిక్స్‌లో వీడియోను విప్పి, కుదించే భాగం) మీద గట్టిగా ఆధారపడే సాఫ్ట్‌వేర్ కాబట్టి, ఎడియస్ వాడేవారు ఎఫ్ రకం ప్రాసెసర్ కొనకుండా ఉండడం ఉత్తమం.

ఏఎమ్‌డీ రైజెన్ ప్రాసెసర్ ఉన్నవారు 4:2:2 ఫుటేజీ కోసం సిస్టమ్ మొత్తం మార్చాలా?

అవసరం లేదు. మదర్‌బోర్డులో రెండో గ్రాఫిక్స్ స్లాట్ ఖాళీగా ఉంటే ఇంటెల్ ఆర్క్ ఏ380 వంటి చిన్న కార్డును సహాయంగా పెట్టుకోవచ్చు, లేదా ఉన్న కార్డును ఆర్‌టీఎక్స్ 50 శ్రేణి కార్డుతో మార్చుకోవచ్చు. కొత్త కార్డులోని డీకోడర్‌ను గుర్తించాలంటే సాఫ్ట్‌వేర్ కూడా తాజా వెర్షన్ కావాలి. ఏళ్ల నాటి వెర్షన్‌నే నమ్ముకుని పనిచేస్తున్నవారు ఈ విషయం ముందే తేల్చుకోవాలి.

డబ్బు ఖర్చు పెట్టకుండా ఇప్పటికిప్పుడు వేగం పెంచే మార్గం ఏదైనా ఉందా?

ప్రాక్సీలు. అసలు ఫుటేజీకి తేలికైన నకళ్లు తయారు చేసుకుని, ఎడిటింగ్ వాటితో చేసి, ఎక్స్‌పోర్ట్ సమయంలో సాఫ్ట్‌వేర్ తిరిగి అసలు ఫైళ్లనే వాడేలా చేయడం ఈ పద్ధతి. ప్రీమియర్ ప్రో, డావిన్సీ రిజాల్వ్, ఎడియస్ మూడింటిలోనూ ఇది ఉంది. ప్రోరెస్ ప్రాక్సీ రకంలో ప్రతి ఫ్రేమూ విడిగా, పూర్తిగా ఉంటుంది కాబట్టి పాత ప్రాసెసర్ కూడా దాన్ని సునాయాసంగా నడుపుతుంది. 1920×1080 పరిమాణంలో సెకనుకు 25 ఫ్రేముల లెక్కన ఇది సెకనుకు సుమారు 38 మెగాబిట్లు, గంటకు 17 జీబీ తీసుకుంటుంది. రాత్రి పడుకునే ముందు ప్రాక్సీల తయారీ మొదలుపెడితే ఉదయానికి సిద్ధంగా ఉంటాయి. రంగులు సరిదిద్దేటప్పుడు మాత్రం అసలు ఫుటేజీకి మారాలి.

ఆల్బమ్ పాట, టీజర్ వంటి చిన్న పనులు చేసేవారికి ఇదొక్కటే చాలు, ఏమీ కొననవసరం లేదు. పెళ్లి అయిన మర్నాడే రీల్స్ ఇవ్వవలసిన స్టూడియోలకు ప్రాక్సీల తయారీకి పట్టే ఆ రాత్రి కూడా విలువైనదే, అటువంటివారికి మంచి డీకోడర్ మీద పెట్టే డబ్బు సార్థకం అవుతుంది.

గ్రాఫిక్స్ కార్డు వల్ల నిజంగా ఏ పనులు వేగవంతం అవుతాయి?

కలర్ గ్రేడింగ్, పరిమాణం మార్చడం, బ్లర్, కొన్ని ట్రాన్సిషన్లు, నాయిస్ తగ్గించడం, కృత్రిమ మేధతో మనిషిని నేపథ్యం నుంచి వేరు చేయడం వంటివి గ్రాఫిక్స్ కార్డు మీద నడుస్తాయి. రిజాల్వ్ దాదాపు ప్రతి పనికీ దీనిమీదే ఆధారపడుతుంది, ప్రీమియర్ ప్రో కొంత తక్కువగా వాడుకుంటుంది.

కార్డు వేగంతో పాటు దాని మెమరీనీ చూడాలి. 4కె ఫ్రేములో 3840×2160, అంటే సుమారు 83 లక్షల పిక్సెళ్లు ఉంటాయి. ఒక్కో పిక్సెల్‌కు నాలుగు విలువలను ఒక్కొక్కటి 32 బిట్ల చొప్పున ఉంచితే, ఒకే ఫ్రేము సుమారు 133 ఎంబీ అవుతుంది. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో రాత్రిపూట తీసిన ఫుటేజీకో, వెలుతురు చాలని కల్యాణ మండపం ఫుటేజీకో నాయిస్ రిడక్షన్ వేస్తే, ఆ ఎఫెక్ట్ ముందు వెనుకల ఫ్రేములను కూడా కలిపి పోల్చుతుంది, కాబట్టి అటువంటి ఫ్రేములు అనేకం ఒకేసారి కార్డు మెమరీలో ఉండాలి. 4 జీబీ కార్డులు ఇక్కడే చేతులెత్తేస్తాయి. 4కె పనికి 8 జీబీని కనీసంగా, నాయిస్ రిడక్షన్ తరచుగా వాడేవారు 12 జీబీని లక్ష్యంగా పెట్టుకోవడం మంచిది. ఆర్‌టీఎక్స్ 3060లో 12 జీబీ రకంతో పాటు 8 జీబీ రకం కూడా ఉన్నందున పెట్టె మీద చూసి తీసుకోండి.

మీ పని ముక్కలు కత్తిరించి, పాటలు పేర్చి, టైటిళ్లు వేయడం వరకే అయితే, పెద్ద కార్డు కొనవద్దనే మేము గట్టిగా చెబుతాము.

ఎక్స్‌పోర్ట్ వేగం పెరగాలంటే?

హార్డ్‌వేర్ ఎన్‌కోడింగ్‌ను ఎంచుకోండి. ఎన్విడియా కార్డులోని ఎన్‌వెంక్ గానీ, ఇంటెల్ క్విక్ సింక్ గానీ హెచ్.264, హెచ్.265 ఫైళ్లను ప్రాసెసర్ కంటే ఎన్నో రెట్లు వేగంగా తయారు చేస్తాయి. అదే బిట్‌రేటులో (సెకను వీడియోకు వాడే డేటా పరిమాణంలో) ప్రాసెసర్‌తో నెమ్మదిగా చేసిన ఫైలు నాణ్యతలో కాస్త ముందుంటుంది. కానీ పెన్‌డ్రైవ్‌లో పెట్టి టీవీలో చూసే పెళ్లి వీడియోకు బిట్‌రేటు కొంచెం పెంచితే ఆ తేడా కంటికి కనిపించదు. టైమ్‌లైన్‌లో బరువైన ఎఫెక్టులు ఉంటే మాత్రం ఎక్స్‌పోర్ట్ సమయం వాటి మీదే ఆధారపడుతుంది, ఎన్‌కోడర్ ఎంత వేగంగా ఉన్నా ఫ్రేము తయారై రావాలి కదా.

ర్యామ్ ఎంత ఉండాలి?

ప్రీమియర్ ప్రో కోసం అడోబీ సంస్థ హెచ్‌డీకి 16 జీబీ, 4కె ఆపైన 32 జీబీ లేదా అంతకంటే ఎక్కువ సూచిస్తోంది. ఇది న్యాయమైన లెక్కే. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌ను పక్కనే తెరిచి పనిచేసేవారికి 64 జీబీ కూడా ఉపయోగపడుతుంది, తక్కినవారికి 32 జీబీ తర్వాత పెట్టే డబ్బుకు ఫలితం తక్కువ.

ఒకే 32 జీబీ ముక్కకు బదులు 16 జీబీ ముక్కలు రెండు వేస్తే ప్రాసెసర్ రెండు దారుల్లో డేటాను అందుకుంటుంది. డీడీఆర్4, డీడీఆర్5 రకాలు ఒకదాని స్లాట్‌లో మరొకటి కూర్చోవు. ఇంటెల్ 12 నుంచి 14వ తరం వరకు ప్రాసెసర్లను తీసుకునే బి660, బి760 మదర్‌బోర్డుల్లో రెండు రకాలూ ఉన్నాయి కాబట్టి, మదర్‌బోర్డు పూర్తి పేరును ఫోటో తీసుకుని వెళ్లండి.

ఎస్ఎస్‌డీ వేస్తే టైమ్‌లైన్ సాఫీగా నడుస్తుందా?

విండోస్, సాఫ్ట్‌వేర్, ప్రాజెక్టు తెరుచుకోవడంలో తేడా వెంటనే తెలుస్తుంది. టైమ్‌లైన్ విషయంలో మాత్రం ముందు లెక్క వేసుకోవాలి. సెకనుకు 100 మెగాబిట్ల ఫుటేజీ అంటే సెకనుకు 12.5 ఎంబీ మాత్రమే. సెకనుకు 100 ఎంబీకి పైగా చదివే మామూలు హార్డ్ డిస్కు కూడా ఒక కెమెరా ఫుటేజీని సులభంగా అందించగలదు. అదే మూడు నాలుగు కెమెరాలను మల్టీక్యామ్‌లో ఒకేసారి నడిపితే, హార్డ్ డిస్కులోని సూది ఒక ఫైలు నుంచి మరొక ఫైలుకు పరుగులు తీయవలసి వచ్చి వేగం ఒక్కసారిగా పడిపోతుంది. ఎస్ఎస్‌డీలో కదిలే భాగాలు లేవు కాబట్టి ఆ ఇబ్బంది ఉండదు.

సాటా ఎస్ఎస్‌డీ సెకనుకు సుమారు 550 ఎంబీ, ఎన్‌విఎంఈ రకంలో పీసీఐఈ 3.0 డ్రైవ్ సుమారు 3500 ఎంబీ, 4.0 డ్రైవ్ సుమారు 7000 ఎంబీ వరకు చదవగలవు. పై లెక్క ప్రకారం నాలుగు కెమెరాలకు కావలసింది 50 ఎంబీ మాత్రమే కనుక, సాటా రకం కూడా సరిపోతుంది. 7000 అనే అంకె చూసి ఎక్కువ ధర పెట్టడం కంటే, అదే డబ్బుతో సామర్థ్యం ఎక్కువ ఉన్న డ్రైవ్ తీసుకోవడం తెలివైన పని. కొన్ని చవక ఎస్ఎస్‌డీలు మొదట వేగంగా రాసి, లోపలి క్యాష్ (తాత్కాలిక నిల్వ) నిండగానే హార్డ్ డిస్కు స్థాయికి పడిపోతాయి. వందల జీబీల ఫుటేజీని ఒకేసారి కాపీ చేసే మనకు ఇది ముఖ్యం. క్యూఎల్‌సీ అని ఉన్నవాటికంటే టీఎల్‌సీ అని ఉన్నవి ఈ విషయంలో నమ్మదగినవి. ఎం.2 ఆకారంలో సాటా డ్రైవ్‌లు కూడా ఉంటాయి, ఆకారం చూసి ఎన్‌విఎంఈ అనుకోవద్దు.

సామర్థ్యం లెక్క ఇలా వేసుకోండి. సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున గంటకు 45 జీబీ. మూడు కెమెరాలు ఒక్కొక్కటి ఐదు గంటలు తీస్తే 675 జీబీ, దానికి ప్రాక్సీలు, క్యాష్ అదనం. నడుస్తున్న పెళ్లి పనికి 2 టీబీ ఎస్ఎస్‌డీ, పూర్తయినవాటిని దాచడానికి పెద్ద హార్డ్ డిస్కులు అన్న అమరిక ఇక్కడి స్టూడియోలకు చక్కగా కుదురుతుంది. డ్రైవ్‌లో ఐదో వంతు ఎప్పుడూ ఖాళీగా ఉంచండి.

కార్డుల నుంచి కాపీ చేయడానికే పూట గడిచిపోతోంది. దీనికి ఏమి చేయాలి?

కార్డ్ రీడర్‌ను చూడండి. పాత యూఎస్‌బీ 2.0 రీడర్ సెకనుకు 35 ఎంబీ ఇస్తే 128 జీబీ కార్డు ఖాళీ కావడానికి గంట పడుతుంది. యూఎస్‌బీ 3.0 రీడర్‌లో, సెకనుకు 90 ఎంబీ ఇచ్చే కార్డుతో, అదే పని 24 నిమిషాల్లో ముగుస్తుంది. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత సమయం మిగిల్చే భాగం మరొకటి లేదు. ముందు వైపు ఉన్న పోర్టు నిజంగా 3.0 అవునో కాదో చూసుకుని అందులోనే పెట్టండి.

ప్రాసెసర్ మాత్రమే మార్చడం సాధ్యమా, మదర్‌బోర్డు కూడా మార్చాలా?

అది బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే సాకెట్ మీద ఆధారపడి ఉంటుంది. ఏఎమ్‌డీ ఏఎం4 సాకెట్ ఉన్నవారు అదృష్టవంతులు. రైజెన్ 2600 వంటి పాత ప్రాసెసర్‌తో నడుస్తున్న బి450 బోర్డులో, బయోస్ అప్‌డేట్ చేసి రైజెన్ 5700ఎక్స్ వేసుకోవచ్చు, ర్యామ్ కూడా పాతదే పనిచేస్తుంది. ఇంటెల్‌లో 12వ తరం బోర్డు ఉన్నవారు, బయోస్ అప్‌డేట్‌తో 14వ తరం వరకు వెళ్లవచ్చు. అంతకు ముందు తరాలవారికి ప్రాసెసర్, బోర్డు, తరచుగా ర్యామ్ కూడా కలిపి మార్చవలసి వస్తుంది.

ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లను సెకండ్ హ్యాండ్‌లో కొనేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. వీటిలో 65 వాట్లు ఆపైన ఉన్న రకాల్లో, వోల్టేజీ మోతాదు మించి ప్రాసెసర్ క్రమంగా దెబ్బతినే సమస్యను 2024లో ఇంటెల్ అంగీకరించి, ఆగస్టులో మైక్రోకోడ్ సవరణ విడుదల చేసి, వారంటీని రెండేళ్లు పొడిగించింది. సవరణ ముందుముందు జరిగే నష్టాన్ని నివారిస్తుంది గాని, అప్పటికే దెబ్బతిన్నదాన్ని బాగుచేయదు. కాబట్టి పాత యజమాని బయోస్ అప్‌డేట్ చేశారా, వారంటీ మిగిలి ఉందా అని అడగకుండా కొనవద్దు.

నా పాత సిస్టమ్‌లో విండోస్ 10 ఉంది. దానిమీద ఖర్చు పెట్టవచ్చా?

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 ఇంటెల్‌లో 8వ తరం, రైజెన్‌లో 2000 శ్రేణి నుంచి అధికారికంగా నడుస్తుంది. అంతకంటే పాత సిస్టమ్ అయితే, కొత్త సిస్టమ్‌లోకి మార్చుకోదగిన ఎస్ఎస్‌డీ వంటి భాగాలు తప్ప మరేమీ కొనకండి.

ల్యాప్‌టాప్‌లో ఏవి మార్చుకోవచ్చు?

చాలా మోడళ్లలో ఎస్ఎస్‌డీ, కొన్నింటిలో ర్యామ్. ప్రాసెసర్, గ్రాఫిక్స్ మార్చడం కుదరదు. ర్యామ్ బోర్డుకే అతికించి ఉందో, స్లాట్ ఉందో మోడల్ నంబరుతో తయారీదారు వెబ్‌సైట్‌లో చూసుకోవాలి. ఆపిల్ సిలికాన్ మ్యాక్‌లలో ర్యామ్ తర్వాత పెంచే వీలు అసలే లేదు కాబట్టి కొనేటప్పుడే చాలినంత తీసుకోవాలి. అయితే 2020లో వచ్చిన ఎం1 మొదలుకొని ఈ మ్యాక్‌లు హెచ్.265 10 బిట్ 4:2:2ను హాయిగా విప్పుతాయి.

మన ఎండలకు సిస్టమ్ వేగం తగ్గుతుందా?

తగ్గుతుంది, దీన్ని తేలికగా తీసుకోకూడదు. వేసవిలో తిరుపతిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. రేకుల కప్పు కింద, ఏసీ లేని గదిలో, గాలి ఆడని క్యాబినెట్‌లో ఉన్న ప్రాసెసర్ ఎక్స్‌పోర్ట్ సమయంలో 100 డిగ్రీలకు చేరితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. జనవరిలో త్వరగా ముగిసిన ఎక్స్‌పోర్ట్ మే నెలలో సాగదీతగా మారితే కారణం ఇదే కావచ్చు. హెచ్‌డబ్ల్యూఇన్ఫో వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఉష్ణోగ్రత చూడండి. దుమ్ము దులిపి, థర్మల్ పేస్ట్ మార్చి, వెనుక ఒక ఫ్యాన్ చేర్చి, సిస్టమ్‌ను గోడకు, టేబుల్ అరకు దూరంగా జరిపితే కొత్త భాగం కొన్నంత ఫలితం కనిపించే సందర్భాలు ఉంటాయి.

గ్రాఫిక్స్ కార్డు పెట్టాక సిస్టమ్ మధ్యలో ఆగిపోతోంది. కారణం ఏమిటి?

ముందుగా పవర్ సప్లైని, యూపీఎస్‌ను అనుమానించాలి. ఆర్‌టీఎక్స్ 3060 సుమారు 170 వాట్లు వాడుతుంది, దీనికి ఎన్విడియా 550 వాట్ల పవర్ సప్లైని సూచిస్తోంది. క్యాబినెట్‌తో పాటు వచ్చిన పేరులేని పవర్ సప్లై మీద ఎన్ని వాట్లు రాసి ఉన్నా నమ్మవద్దు. ఇళ్లలో ఎక్కువగా కనిపించే 600 వీఏ యూపీఎస్ సాధారణంగా 360 వాట్ల వరకే మోయగలదు. ఎక్స్‌పోర్ట్ నడుస్తుండగా కరెంటు పోతే అది భారం మోయలేక అక్కడికక్కడే ఆగిపోవచ్చు. ఇటువంటి సిస్టమ్‌కు 1000 వీఏ, 600 వాట్ల యూపీఎస్ కావాలి. ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి.

తిరుపతిలోనే కొనాలా, చెన్నై రిచీ స్ట్రీట్‌కో బెంగళూరు ఎస్పీ రోడ్డుకో వెళ్లాలా?

తిరుపతి, చిత్తూరు జిల్లాల వారికి రెండు నగరాలూ దగ్గరే, అక్కడ రకాలు ఎక్కువ, ధరలోనూ కొంత తేడా ఉండవచ్చు. కానీ మదర్‌బోర్డు, పవర్ సప్లై, గ్రాఫిక్స్ కార్డు వంటివి పాడైతే వారంటీ కోసం తిరిగి అంత దూరం వెళ్లవలసి రావచ్చు. పెళ్లి పని చేతిలో ఉన్నప్పుడు ఆ ప్రయాణం మిగిల్చిన డబ్బు కంటే ఎక్కువ నష్టం చేస్తుంది. ర్యామ్, ఎస్ఎస్‌డీ ఎక్కడ కొన్నా ఫర్వాలేదు, తక్కినవి ఊళ్లో నమ్మకమైన దుకాణంలో కొనడం మా సలహా. ఎక్కడైనా జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి.

సిస్టమ్‌లో మార్పులు ఎప్పుడు చేయించుకోవడం మంచిది?

ఆషాఢంలో గానీ, మూఢం వచ్చి ముహూర్తాలు లేని రోజుల్లో గానీ. శ్రావణం మొదలయ్యాక ఒక రోజు సిస్టమ్ ఆగినా ఇవ్వవలసిన పనులు పేరుకుపోతాయి. సగం పూర్తయిన ప్రాజెక్టు మధ్యలో విండోస్‌నో, సాఫ్ట్‌వేర్ వెర్షన్‌నో మార్చవద్దు, కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన ప్రాజెక్టు పాతదానిలో తెరుచుకోకపోవచ్చు. కొత్త భాగం వేశాక పాత పెళ్లి ప్రాజెక్టు ఒకదాన్ని పూర్తిగా ఎక్స్‌పోర్ట్ చేసి, సిస్టమ్ ఎక్కడా ఆగలేదని చూసుకున్న తర్వాతే కొత్త పని మొదలుపెట్టండి.

భాగాలు మార్చేటప్పుడు పాత ఫుటేజీకి ప్రమాదం ఉంటుందా?

ర్యామ్, కార్డు మార్చినంత మాత్రాన డిస్కులోని డేటా పోదు. డిస్కు మార్చడం, విండోస్ మళ్లీ వేయడం వంటి పనుల్లో మాత్రం తప్పు డ్రైవ్‌ను ఫార్మాట్ చేసే అవకాశం ఉంది. ఫుటేజీ ఉన్న డిస్కుల కేబుళ్లు తీసేసి, ఒక్క సి డ్రైవ్‌ను మాత్రమే ఉంచి విండోస్ వేయమని టెక్నీషియన్‌ను ముందుగానే కోరండి. పెళ్లివారికి ఇంకా అందజేయని ఫుటేజీ కనీసం రెండు వేర్వేరు డిస్కుల్లో ఉండాలి, వాటిలో ఒకటి సిస్టమ్‌కు తగిలించకుండా బయట ఉండాలి. పాత సిస్టమ్‌ను అమ్మేస్తుంటే అందులోని హార్డ్ డిస్కును మీ దగ్గరే ఉంచుకోండి, ఎందుకంటే మామూలుగా డిలీట్ చేసిన ఇతరుల ఇంటి వీడియోలను తిరిగి రాబట్టడం కష్టమైన పని కాదు.